గుంతదాకా బాట

స్నేహ కొట్టిన బంతి పన్నెండు అడుగులు దొర్లి, అంచు మీద ఒక్క క్షణం ఆగి, ఇంకేం చేస్తాం అన్నట్టు గుంతలో పడింది.

"శభాష్!" అన్నాడు రేవణసిద్ధప్ప. ఫ్యాక్టరీ కాలనీ స్పోర్ట్స్ సెక్రటరీ ఆయన. చెవి మీద పెన్సిల్ పెట్టుకోవడం, ఎవరినీ మెచ్చుకోకపోవడం ఆయన రెండు అలవాట్లు. రెండోది ఈ మధ్య తప్పుతోంది.

సుమిత్ర కూడా చప్పట్లు కొట్టింది. ఎడమచేతికి గ్లోవ్ ఉంది కాబట్టి చప్పుడు రాదు. రాదని తెలిసే కొట్టింది.

"స్నేహ గారు యాభై ఆరు. సుమిత్ర గారు యాభై ఏడు," అని సెక్రటరీ కార్డుల మీద రాసుకున్నాడు. "ఇంకా శుక్రవారం, ఆదివారం ఉన్నాయి. మూడు రోజుల మొత్తం ఎవరిది తక్కువుంటే వాళ్లు హైదరాబాద్‌కు."

గోల్ఫ్‌లో తక్కువ దెబ్బలు కొట్టినవాళ్లే గొప్ప. ఈ సంగతి సుమిత్ర అత్తగారికి ఇప్పటికీ మింగుడుపడలేదు. "తక్కువ కొట్టనీకె గంత పొద్దుగాల లేసుడెందుకే? ఇంట్లనే పండుకుంటె అసలే కొట్టవు గద," అంటుంది ఆవిడ. ఆలోచిస్తే అదీ నిజమే.

హైదరాబాద్‌లో కంపెనీల ఆడవాళ్ల పోటీకి ఈ ఫ్యాక్టరీ నుంచి ఒక్కరికే చోటు. రెండేళ్లుగా ఆ చోటు సుమిత్రదే అని సుమిత్రకు తెలుసు. ఇంకెవరికీ తెలియకపోవడానికి కారణం, కాలనీలో పొద్దున ఆరింటికి ఆ మైదానానికి వచ్చే ఆడమనిషి ఆమె ఒక్కతే కావడం. ఏడు వారాల కింద ఫ్యాక్టరీలో రంగులు వేసే పెయింట్ షాపుకు గిరీశ్ అనే కొత్త ఇంజనీరు వచ్చాడు. ఒంటరిగా వచ్చినా బాగుండేది. భార్యను తెచ్చుకున్నాడు.

స్నేహది బీదర్. ఇరవై తొమ్మిదేళ్లు. ఏడు వారాల కింద గోల్ఫ్ కర్రను చీపురు పట్టినట్టు పట్టుకుంది. అది చూసి సుమిత్రే దగ్గరికి వెళ్లి వేళ్లు ఎలా పెట్టాలో చూపించింది. జీవితంలో కొన్ని మంచిపనులు చేసేముందు కాసేపు కూర్చొని ఆలోచించాలి.

దూరం కొట్టడంలో సుమిత్ర అంతంత మాత్రమే. ఆమె బంతికి ముళ్లపొదలంటే పుట్టినిల్లు. కానీ గుంత చుట్టూ ఉండే బ్రౌన్ మీదికి వచ్చిందా, ఇక ఆమెను చూడాల్సిందే. ఎనిమిదడుగులైనా, పదడుగులైనా ఒక్క దెబ్బ, మహా అయితే రెండు. బంతిని అలా గుంతలోకి దొర్లించడాన్ని పట్టింగు అంటారు. "సుమిత్ర గారి పట్టింగు" అని కాలనీలో మగవాళ్లు కూడా ఒప్పుకున్న మాట. నలభై మూడేళ్ల వయసులో, బీఎస్సీ పట్టా మీద ఆవకాయ జాడీ పెట్టుకున్న ఇరవై ఏళ్ల తర్వాత, ఒక మనిషికి తన పేరుతో ఒక మాట పుట్టడం చిన్న విషయమేం కాదు.

బ్రౌన్ అంటే ఇసుక. అసలు గోల్ఫ్‌లో గుంత చుట్టూ పచ్చగడ్డి ఉంటుంది. గడ్డికి నీళ్లు కావాలి. జహీరాబాద్‌లో నీళ్లుంటే జనం చెరుకు వేస్తారు గానీ గోల్ఫ్ వేయరు. అందుకని కాలనీ వెనక మొరం నేలలో తొమ్మిది గుంతలు తవ్వి, ఒక్కో గుంత చుట్టూ వాడేసిన ఇంజన్ ఆయిలు కలిపిన నల్లటి ఇసుక పరిచారు. దాని మీద నడిస్తే అడుగులు పడతాయి, పిచ్చుక వాలినా గీత పడుతుంది. అందుకే ఇక్కడొక పద్ధతి. ఎవరి బంతి ఎక్కడుంటే అక్కణ్ణుంచి గుంతదాకా మూరెడు వెడల్పున ఒక బాట చదును చేస్తారు. ఆ బాట మీదుగా కొట్టుకోవాలి. తప్పితే మళ్లీ బాట, మళ్లీ దెబ్బ.

ఆ బాట గీసేది నారమ్మ. ఊరు న్యాల్‌కల్ దిక్కు. యాభై దాటిన మనిషి. రెండు కొసలకు తాడు కట్టిన ఒక చెక్క పట్టె ఆమె ఆయుధం. చీర కుచ్చెళ్లు పైకి దోపి, పట్టెను బంతి దగ్గర ఆనించి, వెనక్కి నడుస్తూ గుంతదాకా ఒకే ఊపులో గుంజుతుంది. గుంజి, పక్కకు జరిగి, మైదానం గేటు దిక్కు చూస్తూ నిలబడుతుంది. ఆట మీద ఆమెకు ఏ అభిప్రాయమూ ఉన్నట్టు కనిపించదు.

ఈ రోజు మాత్రం కనిపించింది. తొమ్మిదో గుంత దగ్గర స్నేహ బంతికి బాట గీస్తూ నారమ్మ ఏదో అంది. కన్నడంలో. స్నేహ పకపకా నవ్వి ఇంకేదో అంది. అదీ కన్నడంలోనే. నారమ్మ పట్టెను ఆపి మరీ నవ్వింది. తర్వాత ఆ పన్నెండడుగుల బంతి పడింది.

సుమిత్రకు కన్నడం రాదు. రాని భాషలో ఇద్దరు నవ్వుకుంటే దాని అర్థం ఎవరికైనా తెలుస్తుంది.

*

"బాట పక్షపాతంగ గీస్తున్నదట," అంది మధ్యాహ్నం, భర్త చందర్‌కు చారు పోస్తూ.

"ఎవలన్నరు?"

"ఎవరో అనుడెందుకు? నా కండ్ల ముంగటనే గద. ఇద్దరు కన్నడల మాట్లాడుకునుడు, నవ్వుకునుడు, బంతి పడుడు."

చందర్ సివిల్ డిపార్ట్‌మెంట్. మాట్లాడేముందు కొలిచి మాట్లాడతాడు. "ఇసుకల బాట వక్రం గీస్తె బంతి వక్రం పోతది. సక్కగ గీస్తె ఎవలకైనా సక్కగనే పోతది. గండ్ల పక్షపాతం యాడిది?"

"మీకు తెల్వదు."

"నాకు తెల్వదు సరే. నువ్వు వరండాల స్టీలు గ్లాసు పెట్టి కొడ్తవు గద, పదిట్ల మూడు గూడ పడవు. ఆడ గూడ నారమ్మ వచ్చి కన్నడ మాట్లాడిందా?"

"టైల్స్ వంకరున్నయి."

చందర్ కలిపిన ముద్దను కంచంలోనే వదిలేశాడు. "సుమిత్రా, ఆ టైల్స్ నేను దగ్గరుండి లెవెల్ పెట్టి వేయించిన."



మూడింటికి ఆమె తెల్లకాగితం తీసుకొని రాసింది. మొదట "కన్నడ మాట్లాడుతూ" అని రాసి, రేవణసిద్ధప్పదీ ఆ దిక్కే అని గుర్తొచ్చి, ఆ కాగితం చింపేసింది. రెండోసారి "బాట గీయడంలో ఒక క్రీడాకారిణికి అనుకూలంగా వ్యవహరిస్తున్నట్టు అనుమానం కలుగుతున్నది" అని రాసింది. "కలుగుతున్నది" అంటే ఎవరికి కలుగుతున్నదో చెప్పక్కర్లేదు. చదువుకున్నందుకు ఇదొక లాభం.

రేవణసిద్ధప్ప రెండుసార్లు చదివి, ఫైలు ట్యాగు వెతికి, కాగితానికి రంధ్రం పొడిచాడు. "రాతపూర్వకంగా వచ్చింది కాబట్టి చర్య తీసుకోవాలి. మీ పేరు చెప్పను. శుక్రవారం నుంచి ఎవరి బాట వాళ్లే గీసుకోవాలి."

"నారమ్మ?"

"ఆమెను కంచె దగ్గర వేస్తాం. వయ్యారిభామ కలుపు బాగా పెరిగింది."

ఇంటికి వస్తుంటే సుమిత్రకు న్యాయం జరిగినట్టే అనిపించింది. న్యాయం జరిగినప్పుడు మనిషికి ఆకలి వేస్తుంది. నాలుగు మిరపకాయ బజ్జీలు కొనుక్కొని దారిలోనే తినేసింది.

*

శుక్రవారం మొదటి గుంత దగ్గర ఆమె పట్టె అందుకుంది. చూసినంత తేలిక కాదది. తాడు వదులైతే పట్టె గంతులేస్తుంది, బిగిస్తే ఇసుకను కోస్తుంది. మూడుసార్లు గుంజితే బాట లాంటిదేదో వచ్చింది. ఏడడుగుల బంతి. ఆమెకు నిద్రలో కూడా పడేది. మోకాళ్లు కాస్త వంచి, ఊపిరి బిగబట్టి, రోజూ ఎలా కొడుతుందో అలాగే కొట్టింది.

బంతి బాట మధ్యదాకా బుద్ధిగా పోయి, అక్కడ్నుంచి ఎవరో పిలిచినట్టు ఎడమకు తిరిగి వెళ్లిపోయింది.

"అయ్యో," అంది స్నేహ. ఆ అయ్యోలో ఎంత వెతికినా వెటకారం దొరకలేదు. అదే పెద్ద బాధ.

రెండోసారి కుడికి. మూడోసారి గుంత చుట్టూ ప్రదక్షిణ చేసి బయటే నిలబడింది. నాలుగో దెబ్బకు పడింది. స్నేహ తన బాట గీసుకుంది. అదీ అంత బాగా రాలేదు, మధ్యలో తోక తిరిగినట్టుంది. అయినా రెండు దెబ్బల్లో వేసేసి, పట్టెను సుమిత్రకిస్తూ అరచేతులు చూసుకుంది. తాడు గుంజి ఎర్రగా కందాయి.

"నారమ్మను ఎందుకు తీసేసిన్రో అక్కా? ఎవరో కంప్లైంట్ ఇచ్చిన్రంట. ఎవరై ఉంటరు?"

"ఎవరో," అంది సుమిత్ర, పట్టింగుకు వాడే పట్టర్ కర్ర కొసకంటిన ఇసుకను శ్రద్ధగా తుడుస్తూ.

ఇంకో రెండు గుంతల దగ్గరా అదే తంతు. మైదానం అటు చివర కంచె పొడుగునా నారమ్మ వంగి, తగిలితే దద్దుర్లు లేచే వయ్యారిభామను పీకుతోంది. తల మీది కొంగును ముక్కుకు అడ్డంగా చుట్టుకుంది. మధ్యమధ్యలో లేచి మోచేతులు గోక్కుంటోంది. ఐదో గుంత దగ్గర సుమిత్ర నాలుగో దెబ్బ కొడుతున్నప్పుడు ఆమె లేచి ఇటే చూస్తూ నిలబడింది. తిరిగి వంగలేదు, బంతి పడేదాకా.

స్నేహ యాభై ఏడు. సుమిత్ర అరవై రెండు. రెండు రోజులదీ కలిపితే ఆరు దెబ్బలు వెనక.

కార్డు మడిచి జేబులో పెట్టుకొని సుమిత్ర నేరుగా కంచె దగ్గరికి నడిచింది. ఒకటి మాత్రం ఆమెకు తేలిపోయింది. నారమ్మ స్నేహకు ఏదో నేర్పింది. ఆ కిటుకుతోనే స్నేహ తన వంకర బాట మీద కూడా వేస్తోంది. దాన్ని ఇవాళ రాబట్టాలి.

"నారమ్మా, నిజం చెప్పు. స్నేహ మేడంకు నువ్వు ఏం చేస్తున్నవు?"

నారమ్మ పీకిన మొక్కను దులిపి కుప్ప మీద వేసింది. "ఏం చేస్తున్న? జొన్నరొట్టె ఎట్ల కొట్టాల్నో చెప్తున్న. ఆమెకు చేతుల్నే చినుగుతున్నయట. వాళ్లత్త వచ్చేటాళ్లకు నేర్చుకోవాలె అన్నది. చినిగిన రొట్టెలు మొగనికి మడతవెట్టి పెడ్తదట, కనవడకుంట. గందుకే నవ్వినం."

స్నేహకు రొట్టె రాదని విని సుమిత్ర మనసులో ఒక మూల చల్లబడింది. కానీ తను వచ్చిన పని అది కాదు.

"రొట్టె సంగతి కాదు. బాట సంగతి. ఆమెకు మంచిగ గీస్తవు, నాకు ఊరికెనే గీస్తవు. అవునా?"

నారమ్మ ముక్కు మీది కొంగు కిందికి లాగి ఆమెను కాసేపు చూసింది. జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు.

"ఉల్టా చెప్తున్నరు మేడం. ఆమెకు సాఫు దిక్కే గుంజుత. ఆమెకెందుకు బొజ్జ దిక్కు?"

"బొజ్జ దిక్కేంది?"

"పట్టెకు రెండు దిక్కులుంటయి గద. ఒకటి సాఫుగుంటది. ఇంకోటి కొసలు అరిగి నడుమ బొజ్జ లేసింది. బొజ్జ దిక్కు గుంజితె ఇసుకల సన్నగ బోదె పడ్తది. కండ్లకు కనవడది. బంతి దాంట్లె వడ్డదంటే యాడికి పోతది ఇగ? చెరుకుకు నీళ్లు కట్టినట్టే. సీద పోయి గుంతల పడాలె."

"ఎవరికి గుంజినవు బొజ్జ దిక్కు?"

"మీకే."

కంచె అవతల రోడ్డు మీద ఒక ట్రాక్టర్ పోయింది. సుమిత్ర నవ్వబోయింది. మొహం సహకరించలేదు.

"ఎప్పటిసంది?"

"మీరు వచ్చిన మూడో దినం సంది."

"నేనడిగిననా?"

"మీరు అడుగలే. మొదటి దినం గా గుంత కాడ పదకొండు సార్లు కొట్టిన్రు. రెండో దినం తొమ్మిది. కొట్టినప్పుడల్ల నేను బాట గుంజాలె. తొమ్మిదింటికి గేటు కాడికి కోహీర్ పోయే కూలి ఆటో వస్తది. గది పోయిందంటే నా దినం పోతది. గీమెతోని ఎట్ల అని సూసి సూసి బొజ్జ దిక్కు తిప్పిన. జల్ది అయిపాయె."

"అంటే... నా మీద ప్రేమతోని చేసింది కాదు."

"ప్రేమేందమ్మ? ఆటో కోసం."

"అందరికీ గట్లనే చేస్తవు గద?"

"అందరికెందుకు? అందరు వాళ్లంతట వాళ్లే ఏస్తరు." నారమ్మ మళ్లీ వంగింది. ఆమె మోచేతుల నిండా ఎర్రటి దద్దుర్లు. "ఇప్పుడైతె ఆటో ముచ్చటే లేదు. గీ పని పన్నెండు దాక. ఆలుగడ్డ పెట్టే సీజన్‌ల నన్నీడ గడ్డి పీకవెట్టిన్రు. ఎవలో కాయిదం రాసిండ్రట. వాళ్ల చెయ్యి చల్లగుండ!"

ఆ ఆశీర్వాదం వింటూ సుమిత్ర తన కుడిచెయ్యిని వెనక్కి పెట్టుకుంది.

*

శనివారం ఆమె ఐదున్నరకే మైదానంలో ఉంది. ఎవరూ లేరు. తొమ్మిదో గుంత దగ్గర పట్టెను తలకిందులు చేసి చూసింది. నిజమే. ఒక దిక్కు చపాతీ పీటలా ఉంది. రెండో దిక్కు మీద అరచెయ్యి ఆనిస్తే మధ్యలో సన్నగా ఉబ్బు తగిలింది.

సాఫు దిక్కుతో బాట గీసి, పదడుగుల నుంచి ఇరవై బంతులు కొట్టింది. నాలుగు పడ్డాయి.

బొజ్జ దిక్కుతో గీసి ఇరవై కొట్టింది. పదిహేడు.

వరండాలో టైల్స్ ఏ పాపమూ ఎరగవన్నమాట. చందర్‌కు ఈ సంగతి చెప్పకూడదని మొదట నిర్ణయించుకుంది. తర్వాత ఇసుక మీద కూలబడి రెండేళ్ల కార్డులు తలచుకుంది. బీరువాలో పట్టుచీరల కింద పెట్టింది వాటిని. తొంభై నాలుగు నుంచి యాభై ఏడు దాకా మెట్లు మెట్లుగా దిగిన అంకెలు. ఆ అంకెల మీద ఆమెకు విపరీతమైన కుళ్లు పుట్టింది. పోయిన నెల సుమిత్ర ఎంత హాయిగా ఉండేది! ఎంత టెక్కుగా నడిచేది బ్రౌన్ మీద! ఆ మనిషి ఎదురుపడితే జుట్టు పట్టుకునేలా ఉంది.

స్నేహ మీద ఉన్న కుళ్లు మాత్రం ఏం తగ్గలేదు. ఇంకా పెరిగింది. స్నేహ సాఫు దిక్కు మీద వేస్తోంది. ఏడు వారాల్లో. చినిగిన రొట్టెలు మడతపెట్టి.

లేచి చీర దులుపుకోబోయి, ఒంటి మీదున్నది ట్రాక్ ప్యాంటని గుర్తొచ్చి దాన్నే దులుపుకుంది. అప్పుడే ఆ ఆలోచన వచ్చింది. రేపు ఎవరి బాట వాళ్లే గీసుకోవాలి. పట్టెను ఏ దిక్కు తిప్పి గుంజాలని ఏ రూల్సులోనూ లేదు. రెండు దిక్కులున్నాయని తెలిసింది ఇద్దరికే. ఒకరు కంచె దగ్గర. ఒకరు తను.

తప్పేముంది? రెండేళ్లు ఆడిన ఆటే మళ్లీ ఆడుతుంది. తేడా ఒక్కటే, ఇన్నాళ్లూ తెలియకుండా ఆడింది.

*

ఆదివారం కాలనీ నుంచి పదిమంది దాకా చూడటానికొచ్చారు. గిరీశ్ మడతకుర్చీ తెచ్చుకొని భార్య కోసం నీళ్లసీసా పట్టుకొని కూర్చున్నాడు. చందర్ రాలేదు. "నేనొస్తె నీకు నేల వంకర అనిపిస్తది," అన్నాడు.

మొదటి గుంత దగ్గర సుమిత్ర పట్టెను అందుకొని, మామూలుగా తిప్పినట్టే తిప్పి, బొజ్జ దిక్కు కిందికి పెట్టి గుంజింది. నిన్న గంటసేపు సాధన చేసిన చెయ్యి. బాట చక్కగా వచ్చింది. బంతి బోదెలో పడి, వినయంగా గుంతలోకి వెళ్లింది.

"వచ్చేసింది సుమిత్ర గారి పట్టింగు!" అని ఎవరో అన్నారు. ఆమె నవ్వింది. పట్టెను తిప్పి సాఫు దిక్కు కింద పెట్టి స్నేహకిచ్చింది.

స్నేహ అరచేతులకు గుడ్డ చుట్టుకొచ్చింది. శుక్రవారం కందిన చోట పొక్కులు లేచి పగిలాయి. కర్ర గట్టిగా పట్టలేకపోతోంది. దూరం కొట్టాల్సిన బంతులు దగ్గరే పడుతున్నాయి. సుమిత్ర కంటే మూడో గుంతకు ఒక దెబ్బ ఎక్కువ, నాలుగుకు ఒకటి, ఆరుకు రెండు, ఎనిమిదికి ఒకటి. ఎనిమిది గుంతలు అయ్యేసరికి సుమిత్ర ఆరు దెబ్బల దూరంలో ఐదు పూడ్చేసింది. ఒక్క దెబ్బ మిగిలింది.

తొమ్మిదో గుంత దగ్గర జనం దగ్గరికి జరిగారు. ఇద్దరూ నాలుగు దెబ్బలకు బ్రౌన్ మీదికి వచ్చారు. స్నేహ బంతి తొమ్మిదడుగుల్లో ఉంది, సుమిత్రది ఎనిమిది. దూరం ఉన్నవాళ్లు ముందు కొట్టాలి. స్నేహ పట్టె తాడు పట్టుకుంది, వెంటనే వదిలేసింది. గుడ్డ మీద ఎర్రగా మరక తేలింది.

"అక్కా, జర నువ్వే గుంజి పెడ్తవా? నాతోని అయితలేదు."

సెక్రటరీ చెవి మీది పెన్సిల్ తీసి ఆలోచించాడు. "ఆటగాళ్లు ఒకరికొకరు సాయం చేసుకోవద్దని రూలేం లేదు."

సుమిత్ర పట్టె అందుకుంది. చేతిలో రెండు దిక్కులూ ఉన్నాయి. సాఫు దిక్కుతో గుంజితే చాలు, అన్యాయం అని ఎవరూ అనలేరు. పొక్కుల చేతులతో స్నేహ మూడు కొడుతుంది, బహుశా నాలుగు. తను తన బొజ్జ దిక్కు మీద ఒక్కటి కొడుతుంది. హైదరాబాద్.

"నీ బాట ఎంత చక్కగొస్తదక్కా," అంది స్నేహ పక్కన నిలబడి, చిన్నగా, ఇద్దరికే వినపడేలా. "నీకో ముచ్చట చెప్పాల్నా? నవ్వొద్దు మళ్ల. మొదటి వారం నీ పట్టింగ్ చూసి ఇంటికి పోయి అన్నం తినలే. అంత కుళ్లు పుట్టింది నాకు. గిరీశ్‌తోని అన్న, ఆమెకెట్ల పడ్తయి, నాకెందుకు పడవు అని. పగలంత నీలెక్కనే మోకాళ్లు వంచి వంచి కొట్టిన. ఇప్పటికి గూడ నీ బంతి పడ్తుంటె నాకు కడుపుల మండుతది తెల్సా?"

రెండేళ్లుగా సుమిత్ర ఎదురుచూసింది ఈ మాట కోసమే. ఒకరు తనను చూసి కుళ్లుకోవాలి. అన్నం మానేసేంత. ఆ మాట వచ్చి ఎదురుగా నిలబడింది, ఆశపడ్డంత గొప్పగానూ ఉంది. కానీ దాన్ని తీసుకుందామని చెయ్యి చాపితే అది తనది కాదు. అది కంచె దగ్గర దద్దుర్లు గోక్కుంటున్న మనిషిది.

అటు చూసింది. నారమ్మ నిలబడి ఉంది, నడుము మీద చెయ్యి పెట్టుకొని. చూస్తున్నది మనుషులను కాదు, పట్టెను.

"సార్, ఒక్క నిమిషం," అంది సుమిత్ర. "ఆ కంప్లైంట్ నాది. వాపస్ తీసుకుంటున్న. నారమ్మను పిలవండి, బాట ఆమెనే గీస్తది."

గిరీశ్ మడతకుర్చీలోంచి లేచాడు. రేవణసిద్ధప్ప మాత్రం చలించలేదు. "రాతపూర్వకంగా ఇచ్చిన ఫిర్యాదును రాతపూర్వకంగానే వెనక్కి తీసుకోవాలి."

"కాగితం లేదు సార్."

"కార్డు వెనక రాయండి."

ఆమె తన కార్డు వెనక, ఆయన పెన్సిల్‌తో, పట్టె మీద ఆనించి రాసింది. "నారమ్మ స్నేహ గారికి అనుకూలంగా బాట గీయలేదు." ఒక చుక్క పెట్టింది. పెన్సిల్ తిరిగి ఇవ్వబోయి, ఆగి, ఇంకో రెండు మాటలు రాసింది. "గీసింది నాకు."

సెక్రటరీ చదివాడు. కార్డు తిప్పి ఎనిమిది గుంతల అంకెలు చూశాడు. మళ్లీ వెనక్కి తిప్పి చదివాడు. "అంటే?"

"అంటే అంతే సార్. నాకు తెల్వకుండ రెండేండ్లు గీసింది. ఇయ్యాల తెలిసి నేనే గీసుకున్న. అటువైపు అంకెలు కొట్టేయండి."

ఇలాంటిది ఏ రూల్సులోనూ లేనందువల్ల ఆయన మొహం దిగాలుగా అయిపోయింది. పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు, తీశాడు, అంకెల మీద ఒక అడ్డగీత గీశాడు. జనంలో గుసగుసలు మొదలయ్యాయి. "సుమిత్ర గారి పట్టింగు" అన్న గొంతు ఈసారి ఏమందో ఆమెకు వినపడలేదు. వినపడకపోయినా తెలుసు.

నారమ్మ వచ్చింది. కొంగుకు చేతులు తుడుచుకొని, పట్టె అందుకుంది. వంగబోతూ తల ఎత్తింది.

"ఏ దిక్కు మేడం?"

"ఇద్దరికీ సాఫు దిక్కే."

స్నేహ రెండు దెబ్బల్లో వేసింది. వేసి, గుడ్డ చుట్టిన చేతులతోనే వచ్చి సుమిత్రను పట్టుకుంది. ఏదో అనాలని చూసి, కన్నడంలో మొదలుపెట్టి, ఆగిపోయింది. సుమిత్ర ఆమె వీపు తట్టింది. అలా తడుతున్నంతసేపూ, హైదరాబాద్‌లో స్నేహ మొదటి బంతి పోయి ముళ్లపొదలో పడితే ఎలా ఉంటుందో ఊహించుకుంది. బాగానే అనిపించింది. మనిషి ఒక్క పూటలో మారిపోదు.

తర్వాత తన బంతి దగ్గరికి వెళ్లింది. అక్కర్లేదన్నాడు సెక్రటరీ. మొదలుపెట్టింది పూర్తి చెయ్యాలంది ఆమె. జనం ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు. ఎనిమిదడుగులు. నారమ్మ గుంజింది, ఆమె కొట్టింది. ఎడమకు. నారమ్మ గుంజింది. కుడికి. గుంజింది. మళ్లీ కుడికే, కాకపోతే ఈసారి దగ్గరగా. గుంజింది. కొట్టింది. ఐదో దెబ్బకు బంతి అంచు తాకి, అటూ ఇటూ ఊగి, పడింది.

సుమిత్ర వంగి బంతి తీసుకుంది. ఆయిలు ఇసుక అంటి నల్లగా ఉంది.

"రేపటి సంది మళ్ల నువ్వే బ్రౌన్ మీద," అంది. "తెల్సుగద, నాకు గూడ సాఫు దిక్కే."

నారమ్మ పట్టె తాడు మోచేతికి చుట్టుకుంటూ, గుంతను చూసింది, ఆమెను చూసింది, కాలనీ గోడ మీదికి ఎక్కిన ఎండను చూసింది. లోపల ఏదో లెక్క కట్టుకుంది.

"గట్లయితె మేడం, మీరు జర ఐదింటికే రావాలె."